ఈ చెరువు తూము ఎవరు తీశారు?

అమెరికాలో పెరిగే మన పిల్లలకు తెలుగు నిలవాలంటే పండుగలు, పద్యాలు, ఊరి కబుర్లు చెప్పాలంటాం, చెబుతాం కూడా. నేను ఇంకోటి గట్టిగా నమ్ముతాను. ఇక్కడి కొండలు, వాగులు, వానల గురించి కూడా ఇంట్లో తెలుగులోనే మాట్లాడాలి. లేదంటే వీడియో కాల్‌లో "తిన్నావా, బాగున్నావా" దగ్గరే తెలుగు ఆగిపోతుంది.

మేముండేది వర్జీనియాలో. ఇక్కడ జైల్స్ కౌంటీలో, 3,800 అడుగులకు పైన కొండ మీద, మౌంటెన్ లేక్ అని చిన్న సరస్సు ఉంది. రాష్ట్రం మొత్తంలో సహజమైన సరస్సులు రెండే అంటారు, ఇదొకటి, తూర్పున చిత్తడి అడవిలో ఉన్న లేక్ డ్రమండ్ ఇంకొకటి. మౌంటెన్ లేక్ విచిత్రం ఏంటంటే, తనంతట తానే ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. 2008లో దాదాపు పూర్తిగా ఎండిపోయింది. మేం వెళ్లినప్పుడూ నీళ్లు ఒక పక్కకే ఉన్నాయి, మిగతా అడుగంతా పచ్చగా గడ్డి, పడవలు కట్టే రేవేమో నీళ్లకు దూరంగా పొడి నేల మీద ఉంది.

మా చిన్నది నర్సంపేట దగ్గరి పాకాల చెరువు చూసి వచ్చిన పిల్ల. అక్కడ తాత కట్ట మీద నడిపిస్తూ తూము ఎలా తీస్తారో, మత్తడి ఎప్పుడు దూకుతుందో అంతా చెప్పాడు. అందుకే ఇక్కడ నిలబడి "నాన్నా, ఈ చెరువు తూము ఎవరు తీశారు?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న!

ఎవరూ తీయలేదు. కొండ మీంచి జారిపడ్డ పెద్ద పెద్ద బండలు లోయకు అడ్డం పడి నీళ్లు ఆగాయి, దీనికి కట్ట అదే. ఆ బండల సందుల్లోంచి అడుగున నీళ్లు కారిపోతుంటాయి. సందుల్లో మట్టి పేరుకుంటే మట్టం పెరుగుతుంది, ఆ మట్టి కొట్టుకుపోతే తగ్గుతుంది, వానలు లేని ఏడు మరీ తగ్గుతుంది. అడుగు బురదను పరిశీలించిన శాస్త్రవేత్తలు, వేల ఏళ్లుగా ఇది ఇలాగే ఎండుతూ నిండుతూ ఉందని తేల్చారు.

ఆ రాత్రి ఫోన్‌లో తాతకు అదే చెప్పింది, మధ్యలో మాట అందక చేతులు ఊపుతూ. ఆయన మొత్తం విని "అంటే బుంగ పడ్డదన్నట్టు" అన్నాడు. "బుంగంటే ఏంటి తాతా?" అని ఇది, కట్ట లోపల కన్నం పడి నీళ్లు పోవడమని ఆయన. తర్వాత ఆయనే, "మరి చేపలేమైనయ్ బిడ్డా? మళ్లెప్పుడు నిండుతదట?" అంటూ ఇక్కడి సంగతులు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు.