రాపూరు ఘాట్లో అంబాసిడర్, పద్మిని

మా చిన్నాయన అంబాసిడర్ మార్క్ 4నీ, నా ప్రీమియర్ పద్మినినీ, ఈ రెండు పాత కార్లనీ కలిపి రాపూరు ఘాట్ ఎక్కించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. పోయిన సంక్రాంతి సెలవుల్లో కుదిరింది. నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా రాపూరు, అక్కణ్ణించి వెలిగొండలు దాటి చిట్వేలి వైపు. తెల్లారకముందే బయల్దేరాం.

పొదలకూరు రోడ్డు మీద అంబాసిడర్‌దే పైచేయి. 1489 సీసీ ఇంజను, తక్కువ స్పీడులోనూ లాగుడుంటుంది. టాప్ గేర్లో నెమ్మదిగా పోతున్నా, యాక్సిలరేటర్ తొక్కితే చాలు, గేరు దించకుండానే అందుకుంటుంది. నా పద్మినిది 1089 సీసీ. లారీని దాటాలంటే మూడో గేరుకు దిగాల్సిందే. అప్పుడు ఇంజను పెట్టే రొద ఉందే, అదంటే నాకు ప్రాణం.

రాపూరు దాటి అడవిలోకి పోయాక కథ మారింది. ఎర్రచందనం పెరిగే కొండలవి. ఒక మలుపు పూర్తవకముందే ఇంకోటి ఎదురవుతుంది. పద్మిని బరువు 900 కిలోలకు అటూ ఇటూ, అంబాసిడర్ అంతకన్నా దాదాపు 200 కిలోలు ఎక్కువ. ఆ తేడా చేతికి తెలుస్తుంది. పద్మిని ముక్కు ఎటు తిప్పితే అటు పోతుంది. ఎక్కుడులో సెకండ్ గేరు వదలనివ్వదు గానీ, మలుపులో భయపెట్టదు.

కొండ మధ్యలో బళ్లు మార్చుకున్నాం. అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, అంటే తిప్పగానే చక్రాలకు నేరుగా అందే రకం. పద్మినిది అంత నేరుగా అందని పాత వర్మ్ రకం. కాగితం మీద చూస్తే అంబాసిడరే చురుగ్గా ఉండాలి. రోడ్డు మీద అలా కాదు. మెత్తటి సస్పెన్షన్ మీద అంత బరువు. స్టీరింగ్ తిప్పగానే ముందు ఒళ్లంతా బయటికి వాలుతుంది, ఆ తర్వాతే తిరుగుతుంది. ఎడమ మలుపుల్లో బెంచీ సీటు మీద జారి తలుపుకు ఆనుకుపోయాను. ఎక్కుడు మాత్రం మూడో గేర్లోనే లాగేసింది.

దిగుడులో చిన్నాయన కిటికీలోంచి అరిచాడు: "సెకండ్ గేర్లోనే రా అబ్బయ్యా, బ్రేకు తొక్కిపెట్టబాక!" రెండింటికీ డ్రమ్ బ్రేకులే, అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతాయి. కిందికి దిగాక చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. ఇంజనుతో బండిని ఆపుకోవడం రానివాళ్లు ఈ బళ్లను ఘాట్‌కు తేకూడదు, ఇది గట్టిగానే చెబుతున్నా.

తిరుగు దారిలో పొదలకూరులో నిమ్మకాయల మూటలు అంబాసిడర్ డిక్కీలో వేశాం. వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు) కాస్త దిగాయి, బండి ఇంకా నిదానంగా కూర్చుంది, గుంతలు తెలియనే లేదు. అదే బరువు పద్మినిలో వేస్తే ముక్కు పైకి లేచి స్టీరింగ్ తేలిపోతుంది. అందుకే నెల్లూరు దాకా మూటలూ మనుషులూ అంబాసిడర్లోనే, పద్మినిలో నేనొక్కణ్ణే. ఈసారి ఉదయగిరి వైపు పోదామన్నాడు చిన్నాయన. ఆ రోడ్డుకైతే రెండు బళ్లలోనూ ముందు బ్రేక్ షూలు కొత్తవి వేయించాలి.