ఒక్కొక్కరికీ ఒక్కో పాస్‌వర్డ్: ఇంట్లో రేడియస్ సర్వర్ పెట్టిన అనుభవం

మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ వీధిలో సగం మందికి తెలుసు. పండక్కి వచ్చిన చుట్టాలు, పై వాటాలో అద్దెకున్నవాళ్లు, ట్యూషన్‌కొచ్చే పిల్లలు, అందరి ఫోన్లలోనూ ఉంది. మారుద్దామంటే టీవీ దగ్గర్నుంచి అమ్మ ఫోన్ దాకా అన్నింట్లో మళ్లీ కొట్టాలి. ఆఫీసుల్లో ఈ గొడవ ఉండదు. ఎవరి యూజర్‌నేమ్ వాళ్లది, మనిషి మానేస్తే ఆ ఒక్క పేరు తీసేస్తారు. ఇంట్లోనూ అదే పద్ధతి పెడదామని, మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్) ఎక్కించి ఫ్రీరేడియస్ వేశాను. వైఫైకి వచ్చినవాళ్ల పేరు, పాస్‌వర్డ్ సరిచూసి రానివ్వాలో వద్దో చెప్పేది రేడియస్ సర్వర్, దాన్ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది.

ఇన్‌స్టాల్ చేయడం ఒక్క కమాండ్ పని. యూజర్ల ఫైల్లో అమ్మ పేరు, పాస్‌వర్డ్ ఒక లైన్‌గా రాసి, అదే మెషీన్ నుంచి రాడ్‌టెస్ట్ అనే పరీక్ష కమాండ్ కొడితే ‘యాక్సెస్-యాక్సెప్ట్’, అంటే రానివ్వొచ్చని, జవాబు వచ్చేసింది. పని అసలు ఇక్కడే మొదలవుతుంది.

రేడియస్ భాషలో క్లయింట్ అంటే ఫోన్ కాదు, రౌటర్. ఫోన్ అడిగింది రౌటర్ మోసుకొచ్చి సర్వర్‌కి ఇస్తుంది, జవాబు తిరిగి పట్టుకెళ్తుంది. అందుకే క్లయింట్ల ఫైల్లో రౌటర్ ఐపీ అడ్రస్, ఇద్దరికీ ఉమ్మడిగా ఒక రహస్య పదం రాయాలి. ముందే ఉండే ‘టెస్టింగ్123’ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని మార్చాను. నెట్ కనెక్షన్‌తో ఇచ్చిన రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ (ఒక్కొక్కరికీ విడి యూజర్‌నేమ్ అడిగే వైఫై) ఆప్షనే లేదు. నా దగ్గర ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసిన ఇంకో రౌటర్ ఉంది. అందులో కూడా వైఫై లాగిన్ చూసుకునే ప్యాకేజీ ‘డబ్ల్యూప్యాడ్-బేసిక్’ తీసేసి పూర్తి డబ్ల్యూప్యాడ్ వేస్తే తప్ప ఆ ఆప్షన్ పనిచేయదు.

ఈ పనికి దిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: సర్వీస్ ఆపేసి, ఫ్రీరేడియస్‌ని కమాండ్ చివర మైనస్ ఎక్స్ (-X) పెట్టి నడపండి. చేసే ప్రతి పనినీ స్క్రీన్ మీద పోస్తుంది. మొదట చూస్తే కళ్లు తిరుగుతాయి కానీ, జబ్బు పేరు అందులోనే ఉంటుంది. నాకు మొదట ‘అన్‌నోన్ క్లయింట్’ అని వచ్చింది, అంటే రౌటర్ ఐపీ క్లయింట్ల ఫైల్లో లేదన్నమాట. రహస్య పదం తేడా పడితే ఆ సంగతీ ఇంచుమించు అంతే సూటిగా చెబుతుంది. స్క్రీన్ అసలు కదలకపోతే ప్యాకెట్ సర్వర్ దాకా రాలేదని అర్థం, ఫైర్‌వాల్‌లో రేడియస్ వాడే యూడీపీ 1812 పోర్ట్ తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

నన్ను నిజంగా తిప్పలు పెట్టింది సర్టిఫికెట్లు. పాస్‌వర్డ్ పంపే ముందు ఫోన్, ‘ఇది మన సర్వరేనా’ అని సర్టిఫికెట్ చూసి తేల్చుకోవాలి. అది తేల్చుకోకపోతే, మన వైఫై పేరే పెట్టి పక్కింట్లో ఎవరైనా దొంగ రౌటర్ నడిపినా ఫోన్ వెళ్లి దానితో మాట్లాడేస్తుంది. ఇంతకుముందు ఆండ్రాయిడ్‌లో ‘వాలిడేట్ చేయొద్దు’ అని ఉండేది, అందరూ అదే నొక్కేవాళ్లు. ఆండ్రాయిడ్ 11 కాలం నుంచి చాలా ఫోన్లలో అది తీసేశారు. మంచిదే, కానీ ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పొద్దూ! మా అన్నయ్య కొడుకు ఫోన్ పట్టుకొచ్చి, “బాబాయ్, డొమైన్ అంటోంది, ఏం కొట్టను?” అన్నాడు. సర్వర్ సర్టిఫికెట్‌లో రాసిన పేరే అక్కడా కొట్టాలి. నేను ‘హోమ్.ఆర్పా’తో ముగిసే పేరు పెట్టాను, ఇళ్లలోని నెట్‌వర్క్‌ల కోసమే 2018లో విడిగా కేటాయించిన డొమైన్ అది.

సర్టిఫికెట్ల ఫోల్డర్‌లో ఉండే నమూనా ఫైళ్లలో గడువు 60 రోజులే. అలాగే వదిలేస్తే రెండు నెలలకి ఇల్లంతా ఒకేసారి వైఫై పోయిందని గోల. గడువు పెంచి, పేర్లు మార్చి, సొంత సీఏ (మిగతా సర్టిఫికెట్లకి సంతకం పెట్టే మూల సర్టిఫికెట్) తయారుచేసుకున్నాను. లాగిన్ ఏ పద్ధతిలో జరగాలో చెప్పే ఈఏపీ ఫైల్లో డీఫాల్ట్ ఎండీ5 అని ఉంటుంది, వైఫైకి ఆ పద్ధతి పనికిరాదు, పాస్‌వర్డ్‌ని సర్టిఫికెట్ రక్షణలో పంపే పీప్ (PEAP) పద్ధతికి మార్చాలి. ఆ తర్వాత సీఏ ఫైల్‌ని ఒక్కో ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై సర్టిఫికెట్‌గా ఎక్కించాను. చెల్లి ఐఫోన్ మాత్రం సర్టిఫికెట్ చూపించి ‘ట్రస్ట్’ నొక్కమంది, అంతే.

టీవీకి, స్మార్ట్ బల్బులకి యూజర్‌నేమ్ అడిగే వైఫై రాదు. వాటి కోసం మామూలు పాస్‌వర్డ్‌తో ఇంకో నెట్‌వర్క్ వదిలేశాను, దాని పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పను. మెషీన్‌గా ల్యాప్‌టాప్ పెట్టడం మంచిదైంది, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. మూత మూస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి, ఐపీ మారకుండా రౌటర్‌లో కట్టేసి, దాన్ని బీరువా మీద పెట్టాను. మొన్న పై వాటావాళ్లు ఖాళీ చేశారు. వాళ్ల పేరున్న లైన్ తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చేశాను. మా ఇంట్లో ఒక్క ఫోన్ కూడా ముట్టుకోలేదు.