నా అనుభవం: రిసెప్షన్ లేజర్ తగిలి కెమెరా సెన్సర్ పోయింది, తిరిగి చేతికి రావడానికి 52 రోజులు

ఈ మధ్యాహ్నమే కెమెరా ఇంటికి తెచ్చుకున్నాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, ఇంకో నెల ఆగితే నేనే పోనీలే అనేస్తాను.

మాది నెల్లూరు దగ్గర, ఉండేది సాలిగ్రామంలో. పదకొండేళ్ళుగా చెన్నైలో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకి వీడియో తీస్తున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క మెమరీ కార్డు పోగొట్టలేదు, ఒక్క లెన్స్ కింద పడేయలేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఈసీఆర్‌లో, అంటే చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్‌లో రిసెప్షన్. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు హాల్లోకి నడిచొస్తుంటే నేను గింబల్ (కెమెరా కుదుపుల్లేకుండా పట్టే పిడి) పట్టుకుని వాళ్ళ ముందు వెనక్కి నడుస్తున్నాను. పొగ వదిలారు. గుమ్మానికి రెండు వైపులా స్టాండ్ల మీద, సరిగ్గా ఛాతీ ఎత్తులో, లేజర్ మెషీన్లు పెట్టారు. ఆకుపచ్చ కిరణం ఒకటి అటు నుంచి ఇటు ఊగింది. అంతే. పక్కనే రెండో కెమెరాతో ఉన్న మా బావమరిది, "బావా, నీ స్క్రీన్ మీద ఆ గీతేంటి?" అన్నాడు. పై నుంచి కింద దాకా గులాబీ రంగు గీత, దానికి అడ్డంగా సన్నటి తెల్ల గీత. ఆఫ్ చేసి ఆన్ చేశాను, లెన్స్ మార్చాను. పోలేదు.

రాత్రి ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. సెకనుకి 50 ఫ్రేములు తీస్తాను. ఒక ఫ్రేమ్‌లో అమ్మాయి చెవి వెనక జారిన మల్లెదండ సర్దుకుంటోంది, బొమ్మ శుభ్రంగా ఉంది. తర్వాతి ఫ్రేమ్ మొత్తం ఆకుపచ్చ వెలుగు. ఆ తర్వాతి దాంట్లో అదే చెయ్యి, అదే మల్లెదండ, ఎడమ బుగ్గ మీదుగా గీత. సెకనులో యాభయ్యో వంతులో లక్షా తొంభై వేల బాడీ పాడైపోయింది.

రిచ్చీ స్ట్రీట్‌లో ఒకాయన సెన్సర్ (లెన్స్ వెనక బొమ్మని పట్టే చిప్) క్లీనింగ్ అని 1,500 తీసుకున్నాడు. ఇది దుమ్ము కాదని ఆయనకి తెలుసు, తెలిసే తీసుకున్నాడు. కెమెరా మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ కూడా చేశాను. వేడికో వయసుకో అక్కడక్కడా చుక్కల్లా మెరిసే పిక్సెళ్ళకి అది పనికొస్తుంది గానీ గీతలకి కాదు.

ఇక సర్వీస్ సెంటర్. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాక పిలిచారు. కౌంటర్‌లో అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. కెమెరా కంప్యూటర్‌కి తగిలించి, స్క్రీన్ నా వైపు కాకుండా వెనక కూర్చున్న పదిమందీ చూసేలా తిప్పి, "సూర్యుణ్ణి తీశారా సార్?" అన్నాడు. లేదు, లేజర్ తగిలింది అన్నాను. "అందరూ అలాగే చెప్తారు" అంటూ జాబ్ షీట్‌లో కస్టమర్ మిస్‌హ్యాండ్లింగ్ అని టైప్ చేసి సంతకం పెట్టమన్నాడు. నా వెనక లైన్లో నాకు తెలిసిన స్టూడియో కుర్రాడు ఒకడున్నాడు, నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. వాడు తల దించుకున్నాడు. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

బయటికొచ్చి ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చేశాను. "అన్నా, ఆ మాట పేపర్ మీద పడితే క్లెయిమ్ పోయినట్టే, సంతకం పెట్టొద్దు" అన్నాడు. మళ్ళీ లోపలికెళ్ళి పెట్టనన్నాను. పెట్టకపోతే కెమెరా తీసుకోమన్నారు. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. మూడు గంటలు ఆ కౌంటర్ పక్కనే నిలబడ్డాను, కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ మూడు ఫ్రేములు పక్కపక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతి స్టాఫ్‌కీ చూపించాను. చివరికి లోపల్నుంచి ఒక పెద్ద టెక్నీషియన్ వచ్చి ఫ్రేములు చూసి, ఒక్క మాటా అనకుండా బాడీ లోపలికి తీసుకెళ్ళి పది నిమిషాల తర్వాత నన్ను పిలిచారు.

మామూలుగా చూస్తే సెన్సర్ అద్దంలా ఉంది. మైక్రోస్కోప్ కింద పెట్టి స్క్రీన్ మీద చూపించారు: సూదిమొనతో పొడిచినట్టు ఒక నల్లటి చుక్క, చుట్టూ కొద్దిగా మాడిన రంగు. లేజర్ కిరణాన్ని లెన్స్ ఇంకా చిన్న చుక్కగా కుదిస్తుందని, ఆ చుక్క పిక్సెళ్ళనే కాకుండా ఆ నిలువు వరస సిగ్నల్ మోసే సర్క్యూట్‌ని కూడా కాల్చేస్తుందని, అందుకే చుక్క పోతే గీత మొత్తం పోతుందని చెప్పారు. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఫోటోలు తీసేటప్పుడు షట్టర్ తెరుచుకునే క్షణం తప్ప సెన్సర్‌కి అద్దం అడ్డం ఉంటుంది. వీడియోలో, మిర్రర్‌లెస్‌లో (అద్దమే లేని కెమెరాల్లో) ఆ అడ్డం ఉండదు, తీస్తున్నంతసేపూ సెన్సర్ తెరిచే ఉంటుంది. జాబ్ షీట్ ఆయనే మార్చి, బయటి లేజర్ కాంతి వల్ల సెన్సర్ దెబ్బతింది అని రాశారు. ఆయన చేతులు పట్టుకున్నాను. కౌంటర్ అబ్బాయి మాత్రం నా వైపు చూడలేదు.

కాబట్టి జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టకండి, ఎంత తొందర పెట్టినా సరే. దెబ్బతిన్న క్లిప్ ఒరిజినల్ ఫైల్ చెరపకండి. నన్ను కాపాడింది ఆ ఒక్క ఫైలే.

సెన్సర్ ఒక్కటే మార్చరు, చెయ్యి వణికినా బొమ్మ కదలకుండా చూసే స్టెబిలైజేషన్ యూనిట్‌తో కలిపి మార్చాలి. 78,400, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 92,512. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు, ఫోటోలు తీసుకున్నాడు, వెళ్ళాడు. తరుగుదల గిరుగుదల పోను 69,300 వచ్చింది, మిగతా 23,212 నా చేతి నుంచి.

ఆ డబ్బు ఈవెంట్ వాళ్ళని అడిగాను. "ఇంతవరకు ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు" అని పెట్టేశారు, తర్వాత నంబర్ బ్లాక్. 2019 జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో, లైడార్ (లేజర్‌తో దూరాలు కొలిచే పరికరం) బిగించిన కారుని ఫోటో తీసినాయన సోనీ కెమెరా ఇలాగే పాడైతే, ఆ లైడార్ కంపెనీ కొత్త కెమెరా కొనిస్తామంది. వీళ్ళు కనీసం సారీ అనలేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ హాల్లో నాన్నల భుజాల మీద కూర్చున్న పిల్లలున్నారు, వాళ్ళ కళ్ళు సరిగ్గా ఆ కిరణాల ఎత్తులోనే ఉన్నాయి. అర వాట్ దాటితే లేజర్‌ని 4వ తరగతి అంటారు, నేరుగా తగిలితే కంటి లోపలి రెటీనా కాలుతుంది. అమెరికాలో జనం నిలబడే నేల నుంచి కనీసం 3 మీటర్ల పైనే కిరణాలు పోవాలని నియమం. మన పెళ్ళిళ్ళలో ఛాతీ ఎత్తులో తిప్పుతున్నారు, ఎవరూ అడగరు. పెళ్ళివారూ, ముందే అడగండి. నేనైతే నా అగ్రిమెంట్‌లో లేజర్ గురించి ఒక లైన్ రాయించాను: కిరణాలు తలల పైనుంచే పోవాలి, లేకపోతే ఆ ఐదు నిమిషాలు నేను తియ్యను.

ఇవాళ కౌంటర్ దగ్గరే లెన్స్‌కి క్యాప్ పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ తీసి, పెద్దది చేసి మూల మూలా చూశాకే డెలివరీ సంతకం పెట్టాను. నల్లగా, శుభ్రంగా ఉంది. ఎంట్రీ వీడియోలో ఆ గీతలు చెరిపే పని ఇంకా నాలుగు నిమిషాల ఫుటేజీ మిగిలింది. అమ్మాయి వాళ్ళ నాన్నగారు పొద్దున ఫోన్ చేసి, "తొందరేం లేదు బాబూ, బాగా రానీ" అన్నారు. ఆదివారానికి ఇచ్చేస్తానన్నాను.