ఆదివారం రాత్రి వేసుకునే మాత్రలు

మూడేళ్ల క్రితం ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేయడానికి కూర్చుంటే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలవలేదు. కణుపులు వాచి గుప్పిట ముడుచుకోకపోవడంతో, చుక్క పెట్టవలసిన చోట పిండి కుప్పగా పడింది. ఎండెక్కేసరికి వేళ్లు కాస్త వదులయ్యేవి, మర్నాడు మళ్లీ అదే వరస. చలి వల్లనని కొన్నాళ్లు, వయసు వల్లనని కొన్నాళ్లు సరిపెట్టుకున్నాక చివరికి డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనీ, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడి దాన్ని వాపు పట్టిస్తోందనీ ఆయన వివరించి, మెథోట్రెక్సేట్ రాశారు. 2.5 మిల్లీగ్రాముల మాత్రలు మొదట నాలుగు, తరువాత ఆరు, వారంలో ఒక్క ఆదివారం రాత్రి మాత్రమే వేసుకోవాలి.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి ఫోనులో ఆ పేరు వెతికి, "అమ్మా, ఇది క్యాన్సర్ మందు" అన్నాడు. ఆ ఆదివారం మాత్రలు ముట్టుకోలేదు. మళ్లీ వెళ్లి అడిగినప్పుడు డాక్టరుగారు విసుక్కోకుండా చెప్పారు. కొన్ని రకాల క్యాన్సర్లలో ఈ మందును గ్రాముల లెక్కన ఎక్కిస్తారట. కీళ్లవాతానికి ఇచ్చేది వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల వరకే. ఇంత తక్కువ మోతాదులో అది చేసే పని ముఖ్యంగా రోగనిరోధక కణాల ఉద్రేకాన్ని తగ్గించడమే.

అయితే ఇది నొప్పి మాత్రలా గంటలో పని చూపించేది కాదు. ఆరు వారాలు గడిచినా తేడా లేకపోయేసరికి మానేద్దామన్న ఆలోచన చాలాసార్లు వచ్చింది. సోమవారం ఉదయం పోపు వాసన వస్తేనే కడుపులో తిప్పేది, దువ్వెనకు జుట్టు ఎక్కువగా వచ్చేది. తొమ్మిదో వారంలో ఒకనాడు ఆవకాయ సీసా మూత తిప్పి, రెండు ముద్దలు తిన్న తరువాత గాని, ఆ మూతను ఎవరినీ పిలవకుండా నేనే తీశానన్న సంగతి నాకు తట్టలేదు. ఆ పూట అన్నం తింటూ ఏడ్చాను.

వికారం తగ్గడానికీ, నోటిపూత రాకుండా ఉండడానికీ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర ఇస్తారు. మెథోట్రెక్సేట్ మన శరీరంలో ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది కనుక, ఆ లోటు పూడ్చడానికి దానిని వేరే రోజున వేసుకోమంటారు. ఈ రెండింటి వెనుకా ఉన్నది ఒకే మనిషి అని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, తిన్నది పేగులకు ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధికి తోబుట్టువులను పోగొట్టుకుని, తానూ ఆ జబ్బుతో బాధపడి, అమెరికా వెళ్లి లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ, మెథోట్రెక్సేట్‌నూ తెచ్చిందీ ఆ బృందమే. పిల్లల రక్తక్యాన్సర్‌కు అమినోప్టెరిన్ ఇచ్చిన ఫలితాలను అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించిన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కీళ్లవాతానికి కూడా పనికి వస్తుందని 1951లో వెల్లడైంది. అమెరికాలో ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ వాడకానికి అధికారిక అనుమతి 1988లో గాని రాలేదు. నా వేళ్లు కదలడం చూడడానికి ఆయన లేరే అని ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

ఇంత చెప్పాక, నన్ను నిజంగా భయపెట్టిన విషయం చెప్పాలి. ఆసుపత్రి వరండాలో వరుసలో కూర్చున్నప్పుడు పరిచయమైన ఒక పెద్దావిడ ఉన్నారు. పిన్నిగారూ అని పిలుస్తాను. ఆమెకూ వారానికి ఆరు మాత్రలే రాశారు. మందుల షాపులో కుర్రాడు కవరు మీద "రోజుకు 1" అని రాసిచ్చాడు. ఆరు మాత్రలు ఒక్కసారి మింగడం కంటే ఇదే పద్ధతిగా ఉందనుకుని, ఆమె సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి చొప్పున వేసుకున్నారు. మొత్తం లెక్క అదే 15 మిల్లీగ్రాములు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఈ మందుకు మోతాదు ఎంత ముఖ్యమో, నడుమ వదిలే రోజులూ అంత ముఖ్యం. తేరుకునే వ్యవధి లేకపోతే నోటి పొరా, రక్తకణాలు పుట్టే ఎముకల మూలుగూ దెబ్బతింటాయి. మూడో వారానికి ఆమె నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా దిగలేదు, తెల్లరక్తకణాలు పడిపోయి జ్వరంతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

ఆ తరువాత నేను మా ఇంట్లో ఏర్పాటు మార్చాను. నాకిచ్చిన రెండు మందులూ చిన్నవే, రెండూ పసుపుపచ్చవే. అందుకని ఒకటి దేవుడి గది అరలోనూ, మరొకటి వంటింట్లోనూ పెట్టాను. శనివారం ఒంటిపూట ఉండే మా అత్తయ్యగారు వారం తప్పకుండా ఎలా పాటిస్తారో, నేను ఆదివారాన్ని అలా పాటిస్తున్నాను. వేసుకున్నానో లేదో గుర్తు రాకపోతే మళ్లీ వేసుకోకూడదు, డాక్టరుగారిని అడగాలి. మూడు నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకుంటున్నాను. మూత్రంలో మంటకని వేరే వైద్యుడు ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ కలిసిన మందు రాయబోతే, నా చీటీ ముందే చూపించాను కనుక ఆయన దాన్ని మార్చారు. అదీ, మెథోట్రెక్సేటూ కలిస్తే రక్తకణాలకు పెద్ద ప్రమాదం. పిల్లలు కావాలనుకునే ఆడవారికి ఈ మందు పనికిరాదు, వారు ముందే డాక్టరుకు చెప్పి తీరాలి.

పిన్నిగారికి కోలుకున్న కొన్ని నెలల తరువాత నాలుగు మాత్రలతో మళ్లీ మొదలుపెట్టారు. స్ట్రిప్ ఇప్పుడు ఆమె మనవరాలి బీరువాలో ఉంటుంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు పిన్నిగారు ఫోను చేసి "వేసుకున్నావా తల్లీ?" అని అడుగుతారు. నేను వేసుకున్నానంటే, తన స్ట్రిప్‌లో ఖాళీ అయిన గుంటలను వేలితో తడుముతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నాకు వినబడేలా లెక్కపెడతారు.