ఎస్టీమ్ హెడర్ కోటింగ్, ఇప్పటిదాకా

నా మారుతీ ఎస్టీమ్ కారుకి పోయినేడు వేయించిన 4-2-1 హెడర్ (ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే పైపులు, నాలుగు రెండై, రెండు ఒకటవుతాయి) ఎనిమిది నెలలకే తుప్పు పెచ్చులు రాల్చింది. మైల్డ్ స్టీల్ పైపు, మా ఇల్లేమో విశాఖ పెదవాల్తేరు, బండి రాత్రంతా బయటే, ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటదో ఇక్కడోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు పెయింట్ డబ్బా మీద 650 డిగ్రీలు తట్టుకుంటుందని చూసి కొట్టేశాను, వేడికే ఊడిందనుకున్నా, తీరా విప్పి గీకి చూస్తే పెచ్చుల వెనక పెయింట్ నల్లగా బాగానే ఉంది, దానికి అంటుకుని ఎర్ర తుప్పు. అంటే తుప్పు కింద నుంచి తోసేసింది. అందుకే ఈసారి ఎక్కువ టైం స్టీల్ మీదే పెట్టాను.

పౌడర్ కోటింగ్ అని ఒకరన్నారు, అది పొడి రంగు చల్లి 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాల్చేది, హెడర్ వేడికి నిలవదు. పైపులకి ర్యాప్ (వేడి ఆపే గుడ్డ పట్టీ) చుడితే బానెట్ కింద వేడి తగ్గుతుంది నిజమే, కానీ వానలో తడిసిన గుడ్డలా నీళ్లు పట్టుకుని మైల్డ్ స్టీల్‌ని లోపల్నుంచే తినేస్తుంది, మన ఊరికి అసలొద్దు. సిరామిక్ కోటింగ్ అన్నిటికన్నా మంచిది, నేనడిగిన షాపులోళ్లు బయటి ఊరికి పంపాలన్నారు, ఖర్చు హెడర్ ధర దాటిపోతోంది. చివరికి సిలికోన్ హీట్ పెయింటే, నలుపు.

గాజువాక ఆటోనగర్‌లో బ్లాస్టింగ్‌కి (గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు వదలగొట్టడం) ఇచ్చే ముందు ఇంట్లోనే మంచినీళ్లతో బ్రష్ పెట్టి రెండుసార్లు కడిగాను, తుప్పు గుంటల్లో ఉప్పు మిగిలిపోతే బ్లాస్టింగ్ చేసినా పూర్తిగా పోదు. ఫ్లాంజ్ ముఖాలకి, అంటే పైపుని బోల్టులతో బిగించే పలకలకి, టేపు వేసి ఇచ్చా, అక్కడ పొగ లీకవకుండా ఆపే గ్యాస్కెట్ కూర్చోవాలి కదా. షాపులో పెద్దాయన "బాబూ, దీన్ని రేపటిదాకా ఉంచీకు, పొద్దుటికి ఎర్రబడిపోద్ది" అన్నాడు, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పదింటికి చేతికొచ్చింది, గ్లవ్స్‌తోనే పట్టుకున్నా, చేతి జిడ్డు అంటితే అక్కడ పెయింట్ పట్టదు, ఎసిటోన్‌తో తుడిచి పన్నెండింటికల్లా మొదటి కోటు కొట్టేశాను. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మాత్రం వాడకండి, వేడి తగిలితే విషవాయువు వస్తుంది. మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కూడా వద్దు, అది కాలిపోయి పైకోటుని కూడా తీసుకుపోతుంది.

మూడు పల్చటి కోట్లు, మధ్యలో పదేసి నిమిషాలు. పల్చగా ఎందుకంటే 60 సెంటీమీటర్ల స్టీల్ పైపు 500 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, దళసరి పొర అంత సాగలేక పగులుతుంది, లోపల థిన్నర్ మిగిలి బుడగలు కూడా వస్తాయి.

ఇక క్యూరింగ్, అంటే వేడితో పెయింట్‌ని గట్టిపరచడం, పోయినసారి నేను పూర్తిగా వదిలేసింది ఇదే. ఈ పెయింట్ ఆరినట్టు కనిపించినా గోరుతో గీస్తే వచ్చేస్తుంది, వేడికే గట్టిపడుతుంది, వేడి ఇంకా పైకి పోయాక సిలికోన్‌లోని ఆర్గానిక్ భాగం కాలిపోయి మిగిలిన సిలికా రంగుని పట్టుకుని ఉంచుతుంది. వంటింటి ఓవెన్‌లో పెట్టకూడదు, ఆ పొగ తిండికి పడుతుంది. తెలిసినాయన దగ్గర పాత పారిశ్రామిక ఓవెన్ ఉంటే 120, 200, 315 డిగ్రీల్లో అరగంట చొప్పున పెట్టి మధ్యలో అరగంట చల్లారనిచ్చాం, సాయంత్రం మొత్తం దానికే పోయింది. బిగించాక మొదటిసారి స్టార్ట్ చేస్తే కొంచెం పొగ వచ్చి ఆగిపోయింది.

ఇప్పటికి పదకొండు వారాలు, సింహాచలం ఘాట్ నాలుగుసార్లు, అరకు ఒకసారి ఎక్కింది. పైపుల మీద ఎక్కడా లేవలేదు. రెండో పైపు, మూడో పైపు కలిసే వెల్డ్ మూల లోపల మాత్రం ఆవగింజంత ఎర్ర చుక్క కనిపిస్తోంది, స్ప్రే అక్కడికి సరిగ్గా చేరలేదు, ముందే చిన్న బ్రష్‌తో ఆ మూలలు అద్ది తర్వాత స్ప్రే కొట్టాల్సింది. ఈ ఆదివారం ఆ ఒక్కచోట ఎమెరీ పేపర్ పెట్టి రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి బ్రష్‌తో అద్దుతాను, వానలు మొదలవకముందే.