ఎవరి సొమ్ము? ఈశావాస్య మంత్రం, గోల్కొండ బందీఖానా

మా అమ్మ శనివారం సాయంత్రం దీపం పెట్టాక ‘ఇక్ష్వాకు కులతిలకా’ పాడేది. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, దానికి పట్టిన పదివేల వరహాలు, లెక్క అంతా ఒప్పజెప్పి, ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా’ అనే చోటికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం తగ్గేది. దేవుణ్ణి అంత మాట అనడానికి ఆమెకు మనసొప్పేది కాదు, అలాగని రామదాసు అన్న మాటను దాటవేయడానికీ మనసొప్పేది కాదు. ఆ తరువాత ‘అబ్బా తిట్టితినని ఆయాసపడవద్దు’ అన్న చరణాన్ని మాత్రం, తానే తప్పు ఒప్పుకుంటున్నట్టు, గట్టిగా పాడేది. చాలా ఏళ్ల తరువాత ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం పాఠం చెప్పించుకుంటున్నప్పుడు, చివరి రెండు పదాల దగ్గర నాకు అమ్మ గొంతు తగ్గిన ఆ చోటే గుర్తుకు వచ్చింది.

‘ఈశావాస్యమిదం సర్వం యత్కించ జగత్యాం జగత్, తేన త్యక్తేన భుంజీథా మా గృధః కస్యస్విద్ధనమ్.’ కదిలే ఈ జగత్తులో ఉన్నదంతా ఈశ్వరుని చేత ఆవరింపబడవలసినదే, కనుక త్యాగంతోనే అనుభవించు, ఆశపడకు అని మంత్రం చెబుతుంది. ‘కస్యస్విద్ధనమ్’ అన్న చివరి మాటకు శంకర భగవత్పాదులు రెండు అర్థాలు చూపించారు. మొదటిది, ఎవరి ధనాన్నీ, నీదైనా పరులదైనా, కోరుకోవద్దని. రెండవది ఆక్షేపార్థం: ఆశపడకు, అసలు ధనం ఎవరిది గనుక? మొదటి అర్థం నీతి బోధ, దాన్ని వినగానే ఒప్పుకుంటాం. రెండవది మనల్ని నిలదీసే ప్రశ్న, దానికి జవాబు చెప్పాలంటే ఇంట్లో బీరువా నుంచి రాజ్యం బొక్కసం దాకా అన్నిటి తాళాలూ తీసి చూపించవలసి వస్తుంది. రామదాసు తెలుగులో అడిగింది ఈ రెండవ ప్రశ్ననే అని నా నమ్మకం. ఉపనిషత్తు మనిషిని అడిగిన దాన్ని ఆయన దేవుణ్ణే అడిగాడు, అంతే తేడా.

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా చూడని హైదరాబాదీలు తక్కువ. ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే కళ్లు చీకట్లు కమ్ముతాయి, కాసేపు నిలబడితే కప్పులోని రంధ్రం నుంచి దిగే వెలుతురులో గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు ఒక్కొక్కరుగా కనిపిస్తారు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, అందుకు సర్కారుకు కట్టవలసిన శిస్తు సొమ్ము వాడాడన్న నేరం మీద ఈ చీకట్లో పన్నెండేళ్లు ఉన్నాడని కథ. కథ వింటున్నప్పుడు మనందరి కన్నీళ్లూ ఖైదీ వైపే పారతాయి, అది సహజం. అయితే ఆ శిస్తు ఎవరిది? అది తానీషా తాతల ఆస్తి కాదు, గోపన్న జీతమూ కాదు, పాల్వంచ రైతులు పండించిన గింజల మీద వసూలైన పన్ను. భక్తుడి మీద ప్రేమతో ఈ సంగతిని మనం ఎప్పుడూ చూసీ చూడనట్టు వదిలేస్తాం.

మన పెద్దలు మాత్రం వదిలేయలేదు. కథ ముగింపు ఒకసారి జాగ్రత్తగా చూడండి. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో, మామూలు బంట్ల వేషంలో తానీషా దగ్గరకు వచ్చి, ఆరు లక్షల బాకీని రామటెంకీలుగా, అంటే రాముడి ముద్ర ఉన్న నాణేలుగా, లెక్కపెట్టి చెల్లించి, రసీదు తీసుకున్నారని కథ చెబుతుంది. తలచుకుంటే రాముడు ఆ జైలు గోడలను కూల్చలేడా? ‘నా గుడికి పెట్టిన ఖర్చు, నాకే లెక్క అడుగుతావా’ అని సుల్తానును గద్దించలేడా? అలా చేయలేదు. ప్రజల సొమ్ము దేవుడి పేరు మీద ఖర్చయినా బాకీ బాకీయేనని ఒప్పుకుని, వడివడిగా వచ్చి కట్టి, చేతిలో కాగితం పుచ్చుకుని వెళ్లాడు. కట్టింది తన మతం కాని పాలకుడికి. ఈ కథను తరతరాలుగా హరికథల్లో, భజనల్లో చెప్పుకున్న తెలుగువాళ్లకు రాజ్యం సొమ్ముకూ దేవుడి సొమ్ముకూ మధ్య గీత ఎక్కడుందో బాగా తెలుసు. మన రాజ్యాంగం 27వ అధికరణం, ఒక నిర్దిష్ట మతాన్ని పోషించడానికని ప్రత్యేకంగా కేటాయించే పన్నును కట్టమని ఎవరినీ బలవంతం చేయరాదన్నప్పుడు, ఆ రసీదు వెనుక ఉన్న బుద్ధినే చట్టం భాషలో చెప్పింది.

ఇప్పటికీ శ్రీరామనవమి నాడు భద్రాచలంలో కల్యాణానికి రాష్ట్ర ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తారు. ఈ ఆచారం తానీషా కాలం నుంచి వస్తున్నదని చెబుతారు. పాలకుడు తలవంచి తెచ్చే ఆ పళ్లెం చూస్తే నాకు ఆనందమే. ఒక ముస్లిం సుల్తాను పేరుతో ముడిపడిన మర్యాద, ఎవరి ప్రభుత్వం వచ్చినా ఆగకపోవడం మన నేల గొప్పతనం. నన్ను కలవరపెట్టేది పళ్లెం కాదు, పళ్లెం తెచ్చినవాడు తిరిగి ఏమి పట్టుకుపోతున్నాడన్నది. దేవుడి దగ్గర తలవంచి వచ్చి, ఆ దేవుడి పేరు మీద ఓట్లు అడిగితే, అది సమర్పణ కాదు, పెట్టుబడి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను మతం పేరుతో ఓటు అడగడాన్ని ఎన్నికల అక్రమంగా చెప్పింది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురు ముగ్గురుగా చీలినప్పటికీ, ఆ నిషేధాన్ని విస్తృతంగానే చదివింది. అయినా ఊరేగింపుల్లో ఏ జెండా ఏ దేవుడిదో, ఏది ఏ పార్టీదో పోల్చుకోలేని రోజులు వచ్చాయి. ఇది ఒక్క మతానికి చెందిన జబ్బు కాదు, పాతబస్తీకి ఈవలా ఆవలా ఉన్నదే.

అలాగని మతం దేశ రాజకీయాల గడప తొక్కకూడదనే వాదన నాది కాదు. గాంధీజీ 1937 జనవరిలో, ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడిన కొత్తలో, తిరువాన్కూరులో పర్యటిస్తూ ఈ మంత్రాన్నే సభ వెంట సభలో వివరించారు. మిగతా గ్రంథాలన్నీ బూడిదైపోయినా ఈ ఒక్క శ్లోకం హిందువుల మనసులో మిగిలితే హిందూ ధర్మం బతుకుతుందని ఆయన అన్నారు. ధనవంతుడు తన సంపదకు యజమాని కాడు, ధర్మకర్త మాత్రమేనన్న ఆయన సిద్ధాంతం ఈ మంత్రానికి వ్యాఖ్యానంలా ఉంటుంది. మతం రాజకీయాల్లోకి ఇలా రావాలి, అధికారాన్ని ‘ఎవరి సొమ్ము’ అని అడుగుతూ రావాలి.

అలా వచ్చిన ఒక ఉదాహరణ మన పక్కనే ఉంది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన వచ్చారు. అప్పుడు తెలంగాణ పల్లెల్లో భూమి కోసం నెత్తురు పారుతున్నది. సమ్మేళనం తరువాత ఆయన ఆ పల్లెలవైపే నడిచి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడ నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానంలో వచ్చిన భూమిలో సాగుకు పనికిరానిదీ చాలా ఉందని, పంపిణీ కాకుండా కాగితాల్లోనే నిలిచిపోయినదీ ఉందని తెలియక కాదు. అయినా కాషాయం కట్టకుండా, ఓటు అడగకుండా, ఒక బక్కపలుచని మనిషి ‘మా గృధః’ అన్న మాటను ఊరి రచ్చబండ మీద నిలబెట్టగలిగాడు. ఈనాడు శివరాంపల్లి మీదుగా ఎన్ని కార్లు పోతున్నా, అక్కడి నుంచి ఎవరు ఏ ప్రశ్నతో బయలుదేరారో తలచుకునేవాళ్లు అరుదు.

ధనం పాపమని మన శాస్త్రం అనలేదు. అర్థం పురుషార్థమే, లక్ష్మి ఇంటికి రావాలనే గడపకు పసుపు రాస్తాం. తప్పు మరోచోట మొదలవుతుంది. కలిగినవాణ్ణి దేవుడు మెచ్చినట్టు, లేనివాణ్ణి దేవుడు మరిచినట్టు మాట్లాడడం ఈ మధ్య మన ఇళ్లల్లో, ప్రవచనాల్లో కూడా మామూలైపోయింది. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు చెప్పినది దీనికి పూర్తిగా విరుద్ధం: ‘యావద్భ్రియేత జఠరం తావత్స్వత్వం హి దేహినామ్, అధికం యోఽభిమన్యేత స స్తేనో దండమర్హతి.’ కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు, అంతకు మించినదాన్ని నాదనుకునేవాడు దొంగ, దండనకు తగినవాడు. ఈ మాట ఏ సన్యాసికో చెప్పలేదు, దండించే అధికారం చేతిలో ఉన్న ధర్మరాజుకు చెప్పాడు. రంజాన్ మాసంలో టోలీచౌకీలో మా పక్కింటివారు ఏడాది నిలిచిన సొమ్ము మీద రెండున్నర శాతం జకాత్ లెక్క కడుతుంటారు, వారి ఖురాన్ కూడా ఆ ధనంలో అడిగేవాడికీ లేనివాడికీ హక్కు ఉందనే అంటుంది. దయ అనలేదు, హక్కు అన్నది.

మా వీధి నవమి పందిరికి కొన్నేళ్లు నేను లెక్కలు రాశాను. ఒక ఏడాది, ఎన్నికలకు ముందు, ఒక నాయకుడు మొత్తం ఖర్చు తానే భరిస్తానని కబురు పెట్టాడు. అన్నదానం, మైకు, పూలు అన్నీ ఆయనవే, ప్రవేశ ద్వారం ఫ్లెక్సీ మీద మాత్రం ఆయన బొమ్మ ఉండాలి. నాకు అప్పుడు సరేననాలనిపించిందని దాచకుండా ఒప్పుకుంటాను, ఎందుకంటే చందాలు రాక పానకానికే లెక్క తేలడం లేదు. పెద్దాయన ఒకరు, ‘అయ్యా, అప్పుడు కల్యాణం ఎవరిది అవుతుంది?’ అన్నారు, అంతటితో ఆ మాట ఆగిపోయింది. ఆ సాయంత్రం వీధి ఊడ్చే అమ్మ ఒకామె వచ్చి కొంగు ముడి విప్పి ఇరవై ఒక్క రూపాయలు బల్ల మీద పెట్టింది. నేను నోట్లు డబ్బాలో వేసి నమస్కారం పెట్టినా ఆమె కదలలేదు.

‘రసీదు రాయి బిడ్డా’ అంది.

పుస్తకం తెరిచి, పేరు అడిగి రాసి, సంతకం చేసి చించి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు మడతలు పెట్టి, డబ్బులు తీసిన ఆ కొంగులోనే ముడి వేసుకుని, పందిరిలోకి వెళ్లి రాముడి ముందు కూర్చుంది.