దసరా సెలవుల్లో ఇంటినుంచి పని

ఈరోజు పని మంచి ఊపుమీద సాగింది. దసరా సెలవులు కాబట్టి పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు, తోటికోడలి కొడుకు కూడా తునినుంచి వచ్చి ఉన్నాడు, అత్తయ్యగారి నవరాత్రి పూజ తెల్లవారుజామునే మొదలవుతోంది, పైగా నేను చేసే మెడికల్ కోడింగులో అక్టోబరు 1 నుంచి కొత్త కోడ్లు అమల్లోకి వచ్చాయి. ఇన్నిటి మధ్యా సాయంత్రం నాలుగున్నరకల్లా నా వాటా చార్టులు, అంటే పేషెంట్ల వైద్యం వివరాలుండే ఫైళ్ళు, అయిపోయాయి. ఇది ఎలా కుదిరిందో మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను. ఇంటినుంచి పని అనగానే అందరూ టైంటేబుల్ గురించే చెప్తారు గానీ, నా వరకు టైంటేబుల్ వేసుకోవడం ఎప్పుడూ కష్టం కాలేదు. మధ్యలో లేచి వెళ్ళి, తిరిగొచ్చి కూర్చున్నాక పని వదిలిన చోటికి మనసు వెళ్ళకపోవడం, కష్టమంతా అక్కడే ఉంది.

మెడికల్ కోడింగ్ అంటే ఇదీ. అమెరికాలో ఒక పేషెంటు డాక్టరు దగ్గరికి వెళ్తే, డాక్టరు రాసిన నోట్సంతా చదివి జబ్బుకి ఒక కోడు, చేసిన వైద్యానికి ఒక కోడు వేసి పంపితేనే ఇన్సూరెన్సు కంపెనీ బిల్లు చూస్తుంది. 2015 అక్టోబరు 1న వాళ్ళు పాత పద్ధతి వదిలేసి ఐసీడీ-10 అనే కోడ్ల పద్ధతికి మారారు, ఇప్పుడు ఒక్క జబ్బుల కోడ్లే 70 వేల పైచిలుకు. కుడి మోకాలికి ఒక కోడు, ఎడమ మోకాలికి ఇంకో కోడు, రెండూ అయితే మరొకటి. ఆఫీసు హైదరాబాదులో, మేముండేది రాజమండ్రిలో, మావారి ఉద్యోగం ఇక్కడే కాబట్టి.

పేషెంట్ల వివరాలు బయటికి పొక్కకూడదని అక్కడ హిపా అని 1996 నాటి చట్టం ఉంది. దానివల్ల ఇంట్లో పనిచేసినా మాకు కొన్ని కట్టుబాట్లు తప్పవు. గది తలుపు వేసుండాలి, స్క్రీను కిటికీ వైపు తిరిగి ఉండకూడదు, బల్లమీద ఫోను ఉండకూడదు, కాగితం పెన్ను కూడా ఉండకూడదు. బియ్యం బస్తాలు, పాత మంచాలు పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేయించి గోడకేసి బల్ల వేయించుకున్నది అందుకే. ఇవన్నీ ఎవరి భద్రత కోసమో పెట్టిన రూల్సు, నా ధ్యాస కోసం కాదు, కానీ వాటివల్ల ఎక్కువ లాభపడింది నేనే అనుకుంటాను. ఫోను ఎదురుగా లేకపోతే దాన్ని చూడకూడదని మనసుని బతిమాలుకోవాల్సిన పని ఉండదు.

పొద్దున్న ఆరింటికి కూర్చున్నాను. ఆ టైంలో సర్జరీ చార్టులే తీస్తాను, కష్టమైనవి అవే కాబట్టి. ఎక్స్‌రే రిపోర్టుల్లాంటివి భోజనం అయ్యాక కూడా చేసుకోవచ్చు, కళ్ళు బరువెక్కినా నడుస్తుంది. ఏ పేషెంటు సంగతీ ఇక్కడ రాయకూడదు, రాయను కూడా, కానీ ఒక చార్టు ఎలా ఉంటుందో ఊహించి చెప్తాను. ఒక పెద్దావిడకి కుడి మోకాలి మార్పిడి ఆపరేషను అయింది, దానికి సీపీటీ 27447 (చేసిన వైద్యానికి వేసే కోడ్లని సీపీటీ అంటారు). ఆవిడకి షుగరుంది, బీపీ ఉంది, కిడ్నీ జబ్బు మూడో దశలో ఉంది. డాక్టరు వాటిని మూడు వేర్వేరు లైన్లలో రాస్తాడు. మనం మాత్రం కలిపి చూడాలి. షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉంటే వాటికి సంబంధం లేదని డాక్టరు రాయనంత వరకు రెండిటినీ కలిపి చెప్పే ఇ11.22 వేయాలి. బీపీకి మామూలుగా వేసే ఐ10 ఇక్కడ పనికిరాదు, కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి ఐ12.9కి మారాలి. మూడో దశని 2020 అక్టోబరులో ఎ, బి అని విడగొట్టారు, ఏ దశో డాక్టరు ఎక్కడ రాశాడో వెతికి పట్టుకోవాలి. ఇన్సులిన్ వాడుతుంటే దానికి ఇంకో కోడు. ఇవన్నీ ఒకేసారి బుర్రలో ఉంచుకుని ఆపరేషను నోట్సు చదువుతుంటే, పైన హెడ్డింగులో కుడి మోకాలు అని ఉండి, కింద నాలుగో పేరాలో ఒకచోట ఎడమ అని కనబడుతుంది. ఆ ఒక్క మాట కళ్ళబడటానికి కావలసింది తెలివి కాదు. ఎవరూ పిలవకుండా ఒక ఇరవై నిమిషాలు దొరకాలి, అంతే.

అందుకే ధ్యాస గురించి మాట్లాడేటప్పుడు మనోబలం, క్రమశిక్షణ అని పెద్ద పెద్ద మాటలు వింటే నాకు చిరాకేస్తుంది. నాలుగు గోడల మధ్య నలుగురు మనుషులుండే ఇంట్లో ఒకరి ధ్యాస మిగతా ముగ్గురి చేతుల్లో ఉంటుంది. వాళ్ళతో కూర్చుని మాట్లాడుకోకుండా ఎన్ని యాప్‌లు పెట్టుకున్నా ఉపయోగం లేదు.

ఈ సెలవులు మొదలవకముందే మేం మాట్లాడుకున్నాం. గది తలుపుకి పిల్లల పాత పలక ఒకటి తగిలించాం. నన్ను అడగాల్సింది ఏదైనా ఉంటే దానిమీద రాయాలి, నేను పదిన్నరకి ఒకసారి, భోజనానికి ఒకసారి బయటికొచ్చి చదివి జవాబు చెప్తాను. రక్తం కారినా, పొగ వచ్చినా, నానమ్మ పిలవమన్నా మాత్రం తలుపు కొట్టాలి. ఈరోజు పదిన్నరకి బయటికొస్తే పలకమీద ఇలా ఉంది: "అమ్మా చార్జర్ ఎక్కడ?" అని రాసి దాని పక్కనే "దొరికింది". "అన్నయ్య నన్ను ఆడనివ్వట్లేదు" అని రాసి కొట్టేసి ఉంది. మిగిలింది ఒకే ఒక్కటి, "నానమ్మ గారెలు రెండే ఇచ్చింది, ఇంకోటి తినొచ్చా?". తినొచ్చని చెప్పాను. తలుపు కొట్టి అడిగి ఉంటే అవి మూడు సార్లు లేవడం, మూడు సార్లు మళ్ళీ మొదటినుంచి చదవడం. పలక మీదికి వచ్చేసరికి రెండు వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. పిల్లలకి మనం అందుబాటులో ఉండకపోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నాకూ బెంగగా ఉండేది, కానీ పదిన్నరకి అమ్మ తప్పకుండా వస్తుంది అని తెలిస్తే వాళ్ళు నిశ్చింతగానే ఉంటున్నారు. అందుకని ఆ పదిన్నరని మాత్రం నేను ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పను, చేతిలో చార్టు సగంలో ఉన్నా సరే.

సగంలో లేవాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తానంటే, లేచేముందు ఒక్క లైను టైపు చేస్తాను. మా సాఫ్ట్‌వేర్లో చార్టుని హోల్డులో పెట్టి కామెంటు రాసే వీలుంది. "హెడ్డింగులో కుడి, నాలుగో పేరాలో ఎడమ, ఎక్స్‌రే చూసి డాక్టరుకి క్వెరీ పెట్టాలి." క్వెరీ అంటే డాక్టరుకి రాసి పంపే ప్రశ్న. అంతే, అర నిమిషం కూడా పట్టదు. ఎక్కడిదాకా చదివానన్నది దానంతట అదే తెలుస్తుంది, తర్వాత చేయాల్సిన పని ఏంటన్నదే రాయాలి. ఈ పద్ధతిమీద పరిశోధన కూడా ఉందని తర్వాత చదివాను. సోఫీ లెరాయ్ అనే ప్రొఫెసరు 2009లో ఒక పేపరు రాశారు, ఒక పని పూర్తికాకుండా ఇంకో పనికి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని. ఆ తర్వాత 2018లో ఇంకొకరితో కలిసి చేసిన పరిశోధనలో, లేచేముందు ఎక్కడ ఆగామో, తిరిగొచ్చి ఏం చేయాలో చిన్నగా రాసుకుంటే మధ్యలో వచ్చిన పనిమీద కూడా ధ్యాస బాగా నిలుస్తుందని తేలింది. నాకు ఇందులో బాగా నచ్చింది రెండో సంగతి. ఆ లైను రాసి లేస్తే వంటింట్లో అత్తయ్యగారు చెప్పేది నిజంగా వినగలుగుతున్నాను. రాయకుండా లేచిన రోజుల్లో ఊ కొడుతూ బుర్రలో కోడ్లు తిప్పుకుంటూ ఉంటాను, ఆవిడకి అది ఇట్టే తెలిసిపోతుంది.

అత్తయ్యగారి గురించి విడిగా రాయాలి. పొద్దున్న పూజ అయ్యాక టీవీలో ఇంద్రకీలాద్రినుంచి అమ్మవారి అలంకారం లైవ్ వస్తుంటే చూస్తారు, నేను ఆ సౌండు తగ్గించమని ఎప్పుడూ అడగలేదు, అడగను. నవరాత్రుల్లో ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలనుకోవడం అన్యాయం. మంత్రాలు, గంట, పిల్లల ఆటలు ఒకే తీరున వినబడుతుంటే నాకు పనిలో అడ్డు కావు. నా పేరుతో పిలిచే పిలుపొక్కటే అడ్డు. ఈ తేడా ఆవిడ నాకంటే బాగా అర్థం చేసుకున్నారు. ఈరోజు పదకొండింటికి గ్యాసు సిలిండరు వచ్చింది. ఇదివరకు ఓటీపీ నా నంబరుకి వచ్చేది, ఫోను హాల్లో, నేను గదిలో, గ్యాసబ్బాయి గుమ్మంలో నిలబడి తొందరపెట్టడం. వేసవిలో గ్యాసు కనెక్షను నంబరు మార్పించి ఆవిడ ఫోనుకి పెట్టించాను. ఈరోజు తలుపు సందులోంచి వినబడింది, "అమ్మాయి పనిలో ఉంది బాబూ, ఇదిగో నంబరు నేను చెప్తా రాసుకో" అని. ఆవిడకి డెబ్బై దాటాయి. ఓటీపీ చదవడం నేర్పింది మనవరాలు. పని సర్దుకోవడం అంటే రంగురంగుల జాబితాలు రాసుకోవడం అనుకుంటాం గానీ, ఇంట్లో ఏ పని ఎవరి ఫోనుకి వస్తుందో మార్చుకోవడం అంతకంటే ఎక్కువ మేలు చేసింది.

కరెంటు రెండుసార్లు పోయింది, పోయినట్టు నాకు ఫ్యాను చప్పుడు మారితేగానీ తెలియలేదు. ఇది కొత్తగా ఇంటినుంచి పని మొదలుపెట్టేవాళ్ళకి తప్పకుండా చెప్పాలి. ఇన్వర్టరు ఉంటే చాలనుకుంటారు, కానీ కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ కాస్త వ్యవధిలోనే కొన్ని రౌటర్లు ఆగి మళ్ళీ మొదలవుతాయి, దాంతో ఆఫీసు నెట్‌వర్కుకి కలిపే వీపీఎన్ తెగిపోతుంది, మళ్ళీ లాగిన్, మళ్ళీ ఓటీపీ, సేవ్ చేయని చార్టు గోవింద. రౌటరుకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అరచేతిలో పట్టేంత డబ్బా. ఫైబరు తీగ వచ్చి చేరే డబ్బా, వైఫై ఇచ్చే రౌటరు వేర్వేరుగా ఉన్న ఇళ్ళలో రెండిటికీ కరెంటు అందాలి, ఒక్కదానికే పెడితే లైట్లు వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం రాదు.

మధ్యాహ్నం పిన్నిగారు ఫోను చేశారట, సాయంత్రం కోటిలింగాల ఘాటుకి వెళ్దాం, అమ్మాయి ఇంట్లోనే ఉంటుందిగా మూడింటికి బయల్దేరమను అని. ఇంట్లో ఉన్నవాళ్ళు తీరిగ్గా ఉన్నట్టే అనే లెక్క పెద్దవాళ్ళకే కాదు, చదువుకుని ఉద్యోగాలు చేసినవాళ్ళకి కూడా పోలేదు, అందులోనూ ఇంట్లో ఉన్నది ఆడవాళ్ళయితే ఇంకా పోలేదు. మావారు ఇంటినుంచి పనిచేసిన రోజుల్లో ఆయన్ని ఎవరూ బ్యాంకుకి వెళ్ళిరమ్మని అడగలేదు, ఆయన గది దగ్గర అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఈ మాట ఆయనతోనే అన్నాను, ఒప్పుకున్నారు, ఒప్పుకోవడమే కాదు, ఈ సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలు వడ్డించి గిన్నెలు సర్దే బాధ్యత తనమీద వేసుకున్నారు. ఆయన పన్నెండున్నరకి ఇంటికొస్తే నాకు ఇంకో గంట కలిసొస్తోంది. పిన్నిగారికి నేనే తిరిగి ఫోను చేసి, అయిదున్నరకయితే నేనే కారు తీస్తానండీ, మూడింటికి మాత్రం డ్యూటీలో ఉంటాను అని చెప్పాను. డ్యూటీ అనే మాట వాడితే ఎవరూ మారు మాట్లాడరు.

భోజనం తర్వాత తేలికైన చార్టులు, మధ్యలో ఓ అరగంట కొత్త కోడ్ల గైడ్‌లైన్సు చదవడం. నిద్ర ముంచుకొస్తుంటే బలవంతంగా కూర్చోకుండా పెరట్లో జామచెట్టు కింద పది నిమిషాలు నడిచాను. ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అని ఫ్రాన్సెస్కో చిరిల్లో పెట్టిన లెక్క ఒకటి బాగా ప్రచారంలో ఉంది, నేనూ ప్రయత్నించాను, ఎక్స్‌రే రిపోర్టులకి బాగుంటుంది, సర్జరీ చార్టుకి అస్సలు కుదరదు. సరిగ్గా అన్నీ కలుస్తున్నాయి అనుకునే సమయానికి గంట మోగితే సూదిలో ఎక్కించిన దారం జారిపోయినట్టు ఉంటుంది. నేను గడియారం బదులు చార్టుని కొలతగా పెట్టుకున్నాను, ఒక పెద్ద చార్టు పూర్తయితే లేవడం, చిన్నవయితే కొన్ని గుంపుగా అయ్యాక లేవడం.

కుడి ఎడమల తికమక లాంటిదే ఒకటి నిజంగానే వచ్చింది ఈరోజు, క్వెరీ పెట్టాను. రాత్రికి అక్కడ పగలు కాబట్టి డాక్టరు జవాబు పొద్దున్నకల్లా రావచ్చు, రేపు అదే ముందు తీయాలి. రేపు దుర్గాష్టమి, మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. పొద్దున్న సర్జరీ చార్టులు మాత్రమే. పిల్లలకి చెప్పాను, రేపు పదిన్నర విరామం పదింటికే అని. పెద్దది వెంటనే వెళ్ళి పలకమీద పైన రాసేసింది.